బొమ్మల రీత్: గ్లూతో అతికించకండి, కట్టండి

మొదటిసారి మా తలుపుకి రీత్ పెట్టినప్పుడు అమ్మ వీడియో కాల్‌లో చూసి ఒక్క నిమిషం మాట్లాడలేదు, తర్వాత మెల్లిగా "ఎవరైనా పోయారా ఏంటే" అంది. ఆవిడ తప్పేం లేదు, మన దగ్గర గుండ్రటి పూలచక్రం అంటే టీవీలో నాయకులు శవపేటిక మీద పెట్టేదే కదా. కాదమ్మా, ఇది మన మామిడాకుల తోరణం లాంటిదే, ఇక్కడ గుండ్రంగా కడతారంతే అని చెప్పా. ఆ తర్వాత సంవత్సరం దానికి టెడ్డీని కూర్చోబెడితే "ఇదేంటి, దిష్టిబొమ్మా" అంది. ఆ మాట మాత్రం నాకు బాగా పనికొచ్చింది, ఎందుకంటే బొమ్మని మెడ దగ్గర కట్టి వేలాడదీస్తే నిజంగానే అలాగే ఉంటుంది. బొమ్మ వేలాడకూడదు, కూర్చోవాలి. ఈ పనిలో సగం తిప్పలు దానికోసమే.

మేం ఉండేది డాలస్ దగ్గర. ఇక్కడ క్రిస్మస్‌కే కాదు, పిల్లల బర్త్‌డేకి, బేబీ షవర్‌కి, ఈస్టర్‌కి కూడా తలుపుకి ఏదో ఒక రీత్ ఉంటుంది. నేను మొదటిది మా వాడి మూడో బర్త్‌డేకి చేశా, ఆగస్టులో. వాడి బూడిదరంగు ఏనుగు బొమ్మని గ్లూ గన్‌తో అతికించేశా, ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది, ఫోటోలు కూడా బాగా వచ్చాయి. మా తలుపు పడమర వైపు, దాని ముందు ఇంకో గ్లాస్ డోర్ ఉంది, మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ రెండు తలుపుల మధ్య ఓవెన్ లాగా అయిపోయి గ్లూ మెత్తబడింది, ఏనుగు ఒక పక్కకి జారి తలకిందులుగా వేలాడింది. తీసి చూస్తే వీపు మీద గ్లూ ఉన్న చోట బొచ్చంతా ఊడి వచ్చేసి, మిగిలింది కూడా కరిగి గట్టిగా అట్టలాగా అయిపోయింది. వాడు ఆ రాత్రి బట్టతల ఏనుగుని పట్టుకుని ఏడుస్తూ పడుకున్నాడు. సాఫ్ట్ టాయ్ బొచ్చు చాలావరకు పాలిస్టర్, హై టెంపరేచర్ గ్లూ గన్ నుంచి వచ్చేది దాదాపు 190 డిగ్రీల సెల్సియస్, ఆ వేడికి బొచ్చు ఏం తట్టుకుంటుంది చెప్పండి. అప్పటినుంచి బొమ్మ జోలికి గ్లూ తీసుకెళ్లను. రిబ్బన్‌కి, ప్లాస్టిక్ పూలకి వాడుకోండి, బొమ్మని మాత్రం కట్టండి.

ముందు చక్రం సంగతి. నేను వాడేది 14 అంగుళాల వైర్ ఫ్రేమ్, డాలర్ ట్రీలో దొరుకుతుంది, మైకేల్స్‌లో, హాబీ లాబీలో కూడా ఉంటుంది. నాలుగు తీగ చుట్లు, వాటిని కలుపుతూ అడ్డ తీగలు. దాని మీదకి డెకో మెష్, అంటే వలలాగా ఉండే మెరుపు గుడ్డ, 10 అంగుళాల వెడల్పు 10 గజాల రోల్ తెచ్చుకోండి. దాన్ని 10 అంగుళాల ముక్కలుగా కోస్తే ఒక రోల్‌కి 36 ముక్కలొస్తాయి. ముక్కని బల్ల మీద పెడితే దానంతటదే చుట్టుకుంటుంది, ఆ చుట్టని మధ్యలో నొక్కి పట్టుకుని, అలాంటివి మూడు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి పైప్ క్లీనర్‌తో, అంటే చుట్టూ బొచ్చులా నూలున్న సన్న తీగతో, ఫ్రేమ్‌కి కట్టేయాలి. కదంబమాల కట్టడం వచ్చినవాళ్లకి ఇది చేతికి వెంటనే అలవాటవుతుంది, మరువం రెబ్బ, కనకాంబరం, మల్లె కలిపి పట్టుకుని దారం మెలిక వేసి లాగుతాం చూడండి, అదే పట్టు. నేను 18 చోట్ల కడతాను, లోపలి తీగ మీద 6, బయటి తీగ మీద 12. అంటే 54 ముక్కలు, ఒకటిన్నర రోల్. అందుకే రెండు రోల్స్ తెచ్చుకోండి, మిగిలింది బో కట్టడానికి పనికొస్తుంది. పైప్ క్లీనర్ 12 అంగుళాలు ఉంటుంది, సగానికి కట్ చేసుకుంటే చాలు. మెష్ అంచులు పీచు ఊడుతుంటాయి, ఇల్లంతా మెరుపు తుక్కే, కింద పాత దుప్పటి పరుచుకుని కూర్చోండి.

ఇండియాలో ఉన్నవాళ్లు ఈ మెష్ కోసం వెతుక్కోక్కర్లేదు. డ్రైక్లీనింగ్ వాడిచ్చే తీగ హ్యాంగర్లు రెండు తీసుకుని కటింగ్ ప్లేయర్‌తో మెడలు విప్పి, రెండూ కలిపి గుండ్రంగా వంచి, పాత చీరని రెండంగుళాల పట్టీలుగా చింపి ఆ తీగ నిండా ముడులు వేసుకుంటూ పోతే ఎంత ఒత్తుగా వస్తుందో. జరీ అంచు ఉన్న చీరైతే ఇంకా బావుంటుంది. లేకపోతే వరిగడ్డి. గుప్పెడు గడ్డిని కొంచెం నీళ్లు చల్లి మెత్తబరిచి తాడు పేనినట్టు మెలిపెట్టి చక్రంలా వంచి పురికొసతో గట్టిగా చుట్టేస్తే అసలైన స్ట్రా రీత్ అదే, ఇక్కడ అలాంటిదాన్ని డబ్బులిచ్చి కొంటున్నాం. నీడలో బాగా ఆరనివ్వండి, తడి లోపల ఉండిపోతే బూజు పడుతుంది.

ఇక బొమ్మలు. 14 అంగుళాల ఫ్రేమ్‌కి మెష్ కట్టాక రీత్ దాదాపు 22 అంగుళాలు అవుతుంది, దానికి 7, 8 అంగుళాల బొమ్మ ఒకటి, కావాలంటే అరచేతిలో పట్టే చిన్నవి రెండు. అంతకంటే పెట్టకండి, తలుపు కాస్తా బొమ్మల షాపు అయిపోతుంది. కొన్ని బొమ్మల్లో కూర్చోవడానికని అడుగున ప్లాస్టిక్ గింజలు నింపుతారు, అవి బాగానే కూర్చుంటాయి కానీ బరువెక్కువ. నొక్కితే పాట పాడే బొమ్మైతే బ్యాటరీ తీసేయండి, లేకపోతే గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా అర్ధరాత్రి పాడుతుంది. థ్రిఫ్ట్ స్టోర్లో పాత బొమ్మలు చవగ్గా దొరుకుతాయి, నేను అక్కడే కొంటాను, తెచ్చిన వెంటనే జిప్‌లాక్ కవర్లో పెట్టి ఒక రోజంతా ఫ్రీజర్లో ఉంచుతా, డస్ట్ మైట్స్ చస్తాయి. తర్వాత దిండు గలీబులో వేసి మూతి కట్టి చన్నీళ్లలో జెంటిల్ సైకిల్ తిప్పి ఫ్యాన్ కింద ఆరబెడతా. డ్రయర్ వేడి తగిలితే బొచ్చు ఉండలు కడుతుంది.

పెట్టే చోటు గురించి ఒక్క మాట. రీత్‌ని పైన ఒక్క కొక్కేనికి తగిలిస్తాం, కాబట్టి బరువు ఏ పక్కనుంటే అటు తిరిగి ఆ పక్క కిందకి వచ్చేస్తుంది. గడియారంలో పది దగ్గర టెడ్డీని పెట్టి, ఎదురుగా ఏమీ పెట్టకపోతే పొద్దున్నకల్లా టెడ్డీ ఆరు దగ్గర ఉంటుంది, పక్కకి పడుకుని. అందుకే కొత్తగా చేసేవాళ్లు బొమ్మని కిందే, ఐదుకి ఏడుకి మధ్య కూర్చోబెట్టండి, ఊయల్లో కూర్చున్నట్టు ఉంటుంది, చూడటానికి కూడా అదే బావుంటుంది. పక్కన పెట్టాలనే ఉంటే రెండు కొక్కేలు వాడండి.

ఇప్పుడు కట్టడం. మెష్ కట్టేటప్పుడే కింద బొమ్మ కూర్చునే చోట లోపలి తీగ మీద ఒక కట్టు వదిలేయండి, అక్కడ బొమ్మ సైజులో గుంటలా ఉంటుంది. బొమ్మని అందులో కూర్చోబెట్టి నడుం చుట్టూ పైప్ క్లీనర్ తిప్పి వెనక్కి లాగి రెండు తీగ చుట్లని కలిపి పట్టేలా మెలిపెట్టండి, ఒక్క తీగకే కడితే బొమ్మ ముందుకి ఒరిగిపోతుంది. రెండోది తొడల మీదుగా, కార్లో సీట్ బెల్ట్ పెట్టినట్టు. బొమ్మకి చొక్కా ఉంటే నడుం కట్టు దాని కిందనుంచి పోనివ్వండి, లేకపోతే పైన రిబ్బన్ కట్టేస్తే కనపడదు. బరువు బొమ్మకైతే పైప్ క్లీనర్ బదులు జిప్ టై, అంటే లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీ, వాడండి, తీసేటప్పుడు కట్ చేసి పారేయొచ్చు. మూడోది తల, అసలు కష్టం ఇక్కడే. చాలా బొమ్మలకి తల బరువు, మెడ మెత్తన, రెండ్రోజులకి ఏదో తప్పు చేసినట్టు తల దించేసుకుంటాయి. మెడ చుట్టూ మాత్రం కట్టొద్దు. చేపల గాలానికి వాడే నైలాన్ దారం, పొడుగాటి సూది తీసుకుని, దబ్బనం అంత లావు వద్దు, చిల్లు మిగిలిపోతుంది, తల వెనక కుట్టు ఎక్కడుందో వేలితో తడిమి చూడండి. ఆ కుట్టు కిందనుంచి సూది ఒకవైపు దూర్చి అరంగుళం అవతల తీయండి. ఆ రెండు కొసలూ బొమ్మ వెనకున్న ఫ్రేమ్ తీగకి కట్టి, ముడి బిగించే ముందు ఎదురుగా వచ్చి నిలబడి చూడండి, ఇంకెవరైనా రీత్ పట్టుకుంటే మంచిది. చూపు కొంచెం కిందకి ఉండాలి, నేరుగా ముందుకి చూస్తే తలుపు కన్నా ఎత్తులో ఎవర్నో చూస్తున్నట్టుంటుంది. నైలాన్ దారం జారుతుంది కాబట్టి మూడు ముళ్లు తప్పనిసరి, పెళ్లికి వేసినట్టే. బొచ్చు మీదనే కుట్టేస్తే గుడ్డ చిరుగుతుంది, కుట్టు ఉన్న చోటైతే రెండు పొరలుంటాయి కదా, తట్టుకుంటుంది.

అసలు టెడ్డీ పేరే కట్టేసిన ఎలుగుబంటి నుంచి వచ్చింది, 1902లో అమెరికా ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకెళ్తే తోటివాళ్లు ఒక ఎలుగుని పట్టి చెట్టుకి కట్టి కాల్చమన్నారట, ఆయన కట్టేసినదాన్ని నేను కాల్చనన్నాడు, అది పేపర్లో కార్టూన్‌గా వచ్చాక బ్రూక్లిన్‌లో ఒక మిఠాయి షాపువాళ్లు ఆయన ముద్దుపేరు పెట్టి బొమ్మ కుట్టారు. మనం మళ్లీ తీసుకొచ్చి కట్టేస్తున్నాం, ఏం చేస్తాం.

వెనకవైపు తీగల కొసలన్నీ లోపలికి వంచి, వాటి మీద ఒక ఫెల్ట్ గుడ్డ ముక్క అతికించండి, లేకపోతే తలుపు పెయింట్ గీతలు పడుతుంది, ఇక్కడ గ్లూ వాడుకోవచ్చు. లైట్లు కావాలంటే బ్యాటరీ ఎల్ఈడీ సన్న తీగవి, బ్యాటరీ పెట్టె బొమ్మ వీపు వెనక దాగిపోతుంది. ఎదురు గ్లాస్ డోర్ ఉన్నవాళ్లు కట్టకముందే రెండు తలుపుల మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. కూర్చున్న బొమ్మ ముక్కుతో సహా ఐదారు అంగుళాలు ముందుకొస్తుంది, డోర్ వేస్తే దాని ముఖం గాజుకి నొక్కుకుపోయి స్కూల్ బస్ కిటికీలో పిల్లాడిలా ఉంటుంది. వాన తగిలే గుమ్మానికి వద్దు, లోపలి దూది నీళ్లు పీల్చుకుంటే ఆరడానికి రోజులు పడుతుంది, వాసనొస్తుంది. ఎండ నేరుగా పడితే రంగు వెలిసిపోతుంది, మా వాడి ఏనుగు చెవి ఒకటి ఇప్పటికీ రెండోదానికంటే తెల్లగానే ఉంటుంది. పసిపిల్లల గదిలో పెట్టేవాళ్లు ఉయ్యాలకి, క్రిబ్‌కి పైన కట్టొద్దు, గోడకి పెట్టినా పిల్లల చెయ్యందనంత దూరంలో ఉండాలి, గుండీ కళ్ల బొమ్మలు అసలే వద్దు.

వసంతంలో బయట తలుపుకి పెడితే ఇంకో చిక్కుంది. హౌస్ ఫించ్ అని చిన్న పిచ్చుకలాంటి పక్షి, రీత్ కనపడితే చాలు గూడు కట్టేస్తుంది, మధ్యలో మెత్తటి బొమ్మ ఉంటే ఇంకేం కావాలి. గుడ్లు పెట్టిందంటే మీరు కదపకూడదు, 1918 నాటి వలస పక్షుల చట్టం కింద అది నేరం, పిల్లలు ఎగిరిపోయేదాకా గ్యారేజీ లోంచి ఇంట్లోకి వెళ్లాల్సిందే. గడ్డి పుల్లలు కనపడ్డ రోజే, గుడ్లు లేవని చూసుకుని, రీత్ లోపలికి తెచ్చేయండి.

సీజన్ అయ్యాక ముందు బొమ్మల్ని విప్పేయండి. ఒకే చక్రం మీద నేను డిసెంబర్‌లో ఎర్ర టోపీ టెడ్డీ, ఈస్టర్‌కి కుందేలు, మధ్యలో వాడు ఇస్తే ఏనుగు, ఇలా మారుస్తుంటా, సంక్రాంతి బొమ్మల కొలువు అప్పుడు అన్నీ కిందకి దిగి చివరి మెట్టు మీద కూర్చుంటాయి. ఖాళీ చక్రాన్ని డబ్బాలో కుక్కొద్దు, హ్యాంగర్‌కి తగిలించి పైన డ్రైక్లీనింగ్ కవర్ వేసి క్లోజెట్‌లో వేలాడదీయండి. మళ్లీ తీసేసరికి మెష్ చుట్టలు కొంచెం అణిగిపోయి ఉంటాయి, హెయిర్ డ్రయర్ తక్కువ వేడి మీద పెట్టి దూరం నుంచి ఊదుతూ వేళ్లతో పైకి లేపితే చాలు. ఫుల్ హీట్ పెడితే ముడుచుకుపోతుంది, అదీ చేసి చూశా.