పాటను చదువుడు, 4వ పాఠం: ‘అసభ్యం’ అన్న మాట కాడ అందరం ఎందుకు పడుతున్నం

పోయినసారి ఇచ్చిన పనికి 31 మంది రాసి పంపిన్రు. అన్నీ చదివిన, కొన్ని రెండుసార్లు చదివిన. ఈ వారం పాట మాటలు విడదీసుడు చెప్తనన్న గదా, అది తర్వాత చూద్దాం. ఎందుకంటే 31 మందిల 22 మంది ఒక్క కాడనే పడ్డరు, అది అట్లనే వదిలేసి ముంగటికి పోతే ఇగ చెప్పేదంత వట్టిదే అయితది.

నేను అడిగింది ఏంది? ఒక ఐటెం సాంగ్ తీసుకోని కెమెరా ఎవరి తరఫున చూస్తున్నదో రాయున్రి అన్న. మీరు బట్టల కొలతలు రాసిన్రు. నడుము కనిపిస్తున్నది కాబట్టి స్త్రీని కించపరిచిన్రు అని ఒకరు, ఇంట్ల అందరితోని కూర్చోని చూసేటట్టు లేదు అని ఇంకొకరు. పరకాల నుంచి ఒక తమ్ముడు నాలుగు పేజీలు రాసిండు, మస్తు కష్టపడ్డడు, కాని ఆ నాలుగు పేజీలల్ల ‘అసభ్యం’ 19 సార్లు ఉన్నది, పాటల ఆడిన ఆమె గురించి రెండే వాక్యాలు. ఒక చెల్లె పేపర్ కటింగ్ ఫోటో తీసి పెట్టింది. 2025 మార్చిల మన తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ సినిమావాళ్ళకు చెప్పింది గదా, కొన్ని పాటలల్ల స్టెప్పులు అసభ్యంగ, ఆడవాళ్ళను కించపరిచేటట్టు ఉన్నయని ఫిర్యాదులొచ్చినయి, మానుకోవాలె అని, ఆ వార్త. “కమిషనే చెప్పినంక ఇంకేం చర్చ అక్కా” అని కింద రాసింది.

చెల్లె, ఆ కటింగ్‌నే చూడు. ‘అసభ్యంగ’, ‘కించపరిచేటట్టు’, ఈ రెండు మాటలు పక్కపక్కన కూర్చున్నయి, రెండూ ఒకటే అన్నట్టు. ఈ రోజు పాఠం మొత్తం ఆ రెండింటి నడుమ ఉన్న సందు గురించే.

అసభ్యం అన్నప్పుడు ఇబ్బంది పడేది చూసేటోళ్ళు. మన కండ్లకు, మన ఇంటి పరువుకు, మన పిల్లలకు ఏదో అయితదని బాధ. కించపరచుడు అన్నప్పుడు దెబ్బ తగిలేది ఆమెకు, ఆమెలాంటి ఆడవాళ్ళకు. ఒక్కోసారి ఒకే పాటల రెండూ ఉంటయి, తడిసిన చీర పాటలు చానా మట్టుకు అట్లనే. కాని చానాసార్లు ఒకటి ఉంటది, ఇంకోటి ఉండదు. అది పట్టుకోవుడే ఇక్కడ నేర్చుకోవాల్సిన పని.

కాలేజీ సీన్ తీసుకోండి. హీరోయిన్ చున్నీ నిండ కప్పుకోని వస్తది. హీరో బస్టాప్ నుంచి ఇంటి దాక వెంటపడతడు, దోస్తులు ఈలలేస్తరు, ఆమె వద్దంటది, కోపం చేస్తది, ఏడుస్తది, మూడో పాటకు నవ్వుతది. యు సర్టిఫికెట్. అమ్మమ్మ, మనుమడు అందరం కలిసి చూస్తం. అసభ్యం ఒక్క చుక్క లేదు. కాని ఆడపిల్ల ‘వద్దు’ అంటే ‘ఇంకొంచెం గట్టిగ అడుగు’ అని అర్థమని రెండున్నర గంటలు పాఠం చెప్పిన్రు. హన్మకొండ చౌరస్తాల సాయంత్రం ఆరింటికి బస్సు కోసం నిలబడే పిల్లను అడగండి, ఏ పాటతోని ఆమెకు ఎక్కువ నష్టమో.

ఇప్పుడు తిప్పి చూడండి. మా మేనత్త పెండ్లి జనగామ దిక్కు ఒక ఊర్ల అయింది, నాకు పదేండ్లు. బంతి మీద మగపెండ్లోళ్ళు కూర్చోంగనే మా అమ్మమ్మ, ఇంకో ఐదారుగురు ముసలవ్వలు వియ్యపురాలి మీద పాట ఎత్తుకున్నరు. పెండ్లికొడుకు తండ్రి రాత్రిపూట ఎందుకూ పనికిరాడు కాబట్టి వియ్యపురాలు ఏమేం చేస్తదో ఒక్కొక్క చరణం. పచ్చి మాటలు. మగోళ్ళు విస్తర్ల ముందు తల ఎత్తలేదు. ఆ మాటలు ఏ సెన్సార్ బోర్డు ఒప్పుకోదు. కాని ఆ పాటల నవ్వుతున్నది ఎవరు? ఆడవాళ్ళు. కోరిక ఎవరిది? ఆడదానిది, అరవై ఏండ్ల ఆడదానిది కూడ. ఆ వియ్యపురాలు మరుసటి రోజు తిరిగి పాట కట్టి అప్పు తీర్చుకున్నది. దీన్ని అసభ్యం అని కొట్టేస్తే మన ఊర్లల్ల ఆడవాళ్ళు తమ ఒంటి గురించి నోరు తెరిచి మాట్లాడిన ఒకే ఒక్క జాగను కొట్టేసినట్టు.

నాట్లేసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే మాటలే బారాత్‌ల డీజేల వస్తయి, అప్పుడు ఏమైతది? మాటలు అవే. కాని పాడే గొంతు మారింది, ఎవరి కోసం పాడుతున్నరో మారింది, ముందట తాగిన గుంపు ఉన్నది. మాట బూతా కాదా అని అడిగితే ఈ తేడా ఎన్నటికీ దొరకదు. ఇంకోటి, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్. గుడికి పోయిన హీరోయిన్, పట్టుచీర, బొట్టు, ఆమె నడుము కాడ ఎర్ర గుండ్రం గీసి బాణం పెడతరు. ఆమె బట్టల ఏ తప్పు లేదు. ఆ బాణం గీసినోడు చేసిందే అవమానం.

22 మందిల చానామంది డ్వర్కిన్, మెకినన్ పేర్లు కూడ వాడిన్రు, వాళ్ళు కూడ బూతుకు వ్యతిరేకం గదా అని. వాళ్ళిద్దరు పోర్నోగ్రఫీని ఎదిరించిన అమెరికా స్త్రీవాదులు, రెండో పాఠంల చెప్పిన, కాని ఈ ఒక్క సంగతి చెప్పకుంటె వాళ్ళకు అన్యాయం అయితది. 1983ల అమెరికాల మినియాపోలిస్ నగరం కోసం వాళ్ళిద్దరు రాసిన చట్టంల అశ్లీలం ఊసే లేదు. కావాలని తీసేసిన్రు. అశ్లీలం చట్టాలు మగోళ్ళ నీతి గురించి, మేం అడిగేది ఆడవాళ్ళ హక్కు గురించి అన్నరు. నష్టపోయిన ఆడది సివిల్ కోర్టుల దావా వెయ్యొచ్చు, అది వాళ్ళ ఆలోచన. అక్కడి మేయర్ వీటో చేసిండు. 1984ల ఇండియానాపోలిస్ నగరం అదే చట్టాన్ని తీసుకున్నది, అక్కడ దాన్ని ముందుకు తెచ్చిన కౌన్సిలర్ ఎవరంటే ఆడవాళ్ళ సమాన హక్కుల సవరణను ఎదిరించినామె. చూసిన్రా, హక్కు అని రాసిన కాగితం పోయి పోయి నీతి అనేటోళ్ళ చేతుల పడ్డది. కోర్టులు దాన్ని కొట్టేసినయి, 1986ల అమెరికా సుప్రీంకోర్టు కూడ అదే ఖాయం చేసింది. కెనడాల 1992ల బట్లర్ కేసుల కోర్టు అశ్లీలాన్ని నీతితోని కాదు, జరిగే హానితోని కొలవాలె అన్న మాట ఒప్పుకున్నది, కొన్ని నెలలకే టొరంటోల గే, లెస్బియన్ పుస్తకాల దుకాణం మీద పోలీసులు పడ్డరు, ఆడవాళ్ళు ఆడవాళ్ళ కోసం తీసిన పత్రిక పట్టుకపోయిన్రు. నా మట్టుకు నాకు డ్వర్కిన్ కోపం నిజమనిపిస్తది, ఆమె చూపిన బాట మీద నమ్మకం లేదు. ఆ బాటను కాదన్న స్త్రీవాదులు ఎల్లెన్ విల్లిస్, గేల్ రూబిన్ దిక్కే నా మనసు ఎక్కువ పోతది. మీరు నా లెక్కనే అనుకోవాలని లేదు, కాని ఎవరు ఏం అన్నరో తారుమారు చెయ్యొద్దు.

మనకాడ కూడ అదే గందరగోళం చట్టంలనే ఉన్నది. 1986 స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం తీసి చదవండి. అసభ్యంగ ఉన్నా, ఆడవాళ్ళను కించపరిచినా, ప్రజల నీతిని చెడగొట్టినా అని మూడింటిని ఒక్క వాక్యంల కుట్టిన్రు. మొదటిదీ మూడోదీ చూసేటోళ్ళ గురించి, నడిమిది ఒక్కటే ఆమె గురించి.

నీతి పేరు మీద కత్తి ఎటు దిగుతదో తెలుగోళ్ళకు తెలిసినంత ఎవరికి తెల్వదు. ముద్దుపళని అనే కవయిత్రి 18వ శతాబ్దంల తంజావూరుల రాసిన రాధికా సాంత్వనంల ఆడదాని కోరిక ఆడదే చెప్పింది. వీరేశలింగం గారు, విధవా పెండ్లిండ్లు చేసిన మనిషే, దాన్ని వేశ్య రాసిన సిగ్గులేని రాత అన్నరు. 1910ల గాయని బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగ అచ్చేసి, సిగ్గు ఆడవాళ్ళకేనా, మగోళ్ళకు అక్కరలేదా అని ముందుమాటలనే అడిగింది. తెల్లోళ్ళ సర్కారు నిషేధించింది, స్వాతంత్ర్యం వచ్చే కాలానికి ప్రకాశం పంతులు పూనుకుంటె గాని అది ఎత్తెయ్యలేదు.

ఇది పాత ముచ్చట అనుకుంటరేమో, ఇప్పటిది చెప్త. కొన్నేండ్ల కింద నా దగ్గర చదివిన ఒక పిల్ల వచ్చింది. ఇష్టపడ్డోడికి పంపిన వీడియో వాడు దోస్తుల గ్రూపుల ఏసిండు. తోడుపోయిన, ఏ ఊరి స్టేషనో చెప్పను. అక్కడ మొదటి మాట, “అసలు గట్లాంటి బూతు వీడియో ఎందుకు తీసుకున్నవమ్మా.” ఆ పిల్ల ఇగ మాట్లాడలేదు. ఐటీ చట్టంల 67, 67ఏ సెక్షన్లు వీడియోల ఏమున్నదో అడుగుతయి, 66ఈ సెక్షన్ ఆమె ఒప్పుకున్నదా లేదా అని అడుగుతది. మొదటి ప్రశ్నకు ఆమె ఒళ్ళు సాక్ష్యం, రెండో ప్రశ్నకు వాడి పని సాక్ష్యం. దయచేసి అట్లాంటిదాన్ని మీ రాతలల్ల ‘బూతు వీడియో’ అనకున్రి, ‘ఆమె ఒప్పుకోకుండ పంచిన వీడియో’ అని పూర్తిగ రాయున్రి, పొడుగైనా సరే.

ఐటెం సాంగ్‌ల ఆడినామె గురించి “ఆమె ఇష్టంతోనే చేసింది, పైసలు తీసుకున్నది గదా” అని రాసిన నలుగురికి కూడ ఒక మాట. ఇష్టం ఉన్నదంటే కెమెరాను అడగొద్దని కాదు, ఇష్టం లేదని మనమే తేల్చి ఆమె పని తీసేసుడూ కాదు. మహారాష్ట్ర 2005ల డాన్స్ బార్లు బంద్ పెట్టింది ఆడవాళ్ళ గౌరవం అనే. ఆడవాళ్ళ సంఘాలే రెండుగ చీలినయి. 2013ల సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదన్నది, అప్పటికి ఎనిమిదేండ్లు ఆ పని పోయింది. దీని మీద వేరే పాఠం రాస్త.

ఈసారి పని కష్టం. మొన్న రాసిన పాటనే మళ్ళ తీసుకోండి. మొదట సౌండ్ తీసేసి ఐదుసార్లు చూడండి (నేనైతే ఫోన్ల కాకుండ టీవీల చూస్త, ఫోన్ల కట్‌లు సరిగ్గ కనపడవు). ముఖం ఎన్ని షాట్లల్ల ఉన్నది, తల లేకుండ ఒళ్ళు ఎన్ని షాట్లల్ల ఉన్నది, లెక్కపెట్టి రాయండి. తర్వాత బొమ్మ బంద్ చేసి ఐదుసార్లు వినండి, ‘నేను’ అంటున్నది ఎవరో రాయండి. తర్వాత మీ ఇంట్ల, లేకుంటె పక్కింట్ల, పెద్దామెను ఒకరిని కూర్చోబెట్టి వియ్యపురాలి పాట ఒక్కటన్న పాడించి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మొగపిల్లలు అడిగితే పాడదు, అక్కనో చెల్లెనో తోలండి. అప్పుడు రెండు పాటల మీద కలిపి మూడు పేజీలు, చేతితోని. అసభ్యం, అశ్లీలం, బూతు, బోల్డ్, సంస్కృతి, ఫ్యామిలీ ఆడియెన్స్, ఈ మాటలు ఎక్కడా రావొద్దు. వస్తే ఆ వాక్యం కొట్టేసి, ఎవరికి ఏమైందో చెప్పే వాక్యం ఆ జాగల రాయున్రి.

పరకాల తమ్ముడు, నువ్వు మాత్రం రెండు పేజీలల్లనే రాయి, కాని ప్రతి పేజీల మొదటి వాక్యం ఆమెతోని మొదలు కావాలె.