సొంత రైతును "కౌలు ఎంత?" అని అడుగుతున్న గూగుల్ ఫామ్: తప్పు ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

"లాజిక్ పెట్టానండీ, పనిచేయడం లేదు" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. నేను అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ప్రివ్యూ తెరిచి, ఒక్కో ఆప్షన్ నొక్కి, చివర సబ్మిట్ బటన్ దాకా వెళ్లి చూశారా?" అటు నుంచి కాసేపు చప్పుడుండదు. తర్వాత "మొదటి ఆప్షన్ చూశాను, సరిగ్గానే వెళ్లింది" అంటారు. వెళ్లిందా అని కాదు నేను అడిగింది, చివరిదాకా వెళ్లారా అని. పైన కంటి బొమ్మ నొక్కితే వచ్చే ప్రివ్యూలో ఒక్కో దారికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకున్నవాళ్లు తర్వాత రెండు రోజులు జవాబుల షీట్ ముందు కూర్చుంటారు.

ఇదంతా గూగుల్ ఫామ్స్‌లో లాజిక్ గురించే, అంటే ఇచ్చిన జవాబును బట్టి మనిషిని వేరే ప్రశ్నల దగ్గరికి పంపే అమరిక గురించి. సెక్షన్ ఎలా చేర్చాలో, ప్రశ్న కింద మూడు చుక్కల్లో 'గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్' ఎక్కడుంటుందో మీకు తెలుసనుకునే రాస్తున్నాను. ఉదాహరణకి నేను చేసి, చేతులు కాల్చుకున్న రైతు సర్వేనే తీసుకుంటాను.

మూడు చుక్కలు నొక్కితే ఆ ఆప్షన్ కనబడటం లేదు

ప్రశ్న రకం చూడండి. మల్టిపుల్ చాయిస్, డ్రాప్‌డౌన్, ఈ రెండింటికే దారి మళ్లించే సౌకర్యం ఉంది. చెక్‌బాక్స్‌కి లేదు, షార్ట్ ఆన్సర్‌కి లేదు. "వయసు 60 దాటితే పింఛను ప్రశ్నలు అడగాలి, వయసు అంకెల్లో తీసుకుంటున్నాను" అంటే కుదరదు. '60 లోపు', '60, ఆపైన' అని రెండు ఆప్షన్లు పెట్టి అడగండి. అసలు వయసు కూడా కావాలంటే అది వేరే ప్రశ్న.

చెక్‌బాక్స్ సంగతి కొంచెం చిక్కు. దాని గురించి కింద చెబుతాను.

దాచాల్సిన ప్రశ్న అదే పేజీలో కనబడుతోంది

గూగుల్ ఫామ్స్ ప్రశ్నలను దాచదు, సెక్షన్లను దాటిస్తుంది. "పిల్లలున్నారా?" కిందే "ఏ బడిలో చదువుతున్నారు?" అని పెట్టి, 'లేరు' అన్నవాళ్లకి అది మాయమైపోవాలంటే కాదు. రెండో ప్రశ్నను వేరే సెక్షన్‌లోకి జరపండి. అంతే, ఇంకో మందు లేదు.

సరైన సెక్షన్‌కే వెళ్తోంది, ఆ తర్వాత సంబంధం లేని ప్రశ్నలు వస్తున్నాయి

అసలు దొంగ ఇదే. మిగతా తప్పులు మొహం మీదే కనబడతాయి, ఇది మాత్రం ఫామ్ అంతా బాగున్నట్టే నటిస్తుంది.

గోదావరి వైపు ఊళ్లలో సర్వే కోసం ఒక చిన్న సంస్థకి ఫామ్ చేసిచ్చాను. మొదటి సెక్షన్‌లో ఊరు, వయసు, "మీరు చేసే పొలం ఎవరిది?" అనే ప్రశ్న. 'సొంతం' అంటే రెండో సెక్షన్, 'కౌలు' అంటే మూడో సెక్షన్. నాలుగోది అందరికీ: అప్పులు, పంట బీమా వగైరా. ప్రివ్యూలో 'సొంతం' నొక్కాను, రెండో సెక్షన్ వచ్చింది. బాగుంది అనుకుని ట్యాబ్ మూసేశాను. మళ్లీ తెరిచి 'కౌలు' నొక్కాను, మూడోది వచ్చింది. అది నింపి, నాలుగోది నింపి, సబ్మిట్ కొట్టాను. అంతా చక్కగా ఉందని లింక్ పంపేశాను.

రెండొందలకు పైగా జవాబులు వచ్చాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కౌలు సగటు లెక్కగట్టి ఒక సమావేశంలో చూపిస్తే, వెనక కూర్చున్న ఒక పెద్దాయన అన్నాడు: "బాబూ, ఈ కౌలుకి పొలం ఎక్కడ దొరుకుతోందో చెప్తే నేనూ చేసుకుంటా."

ఇంటికొచ్చి షీట్ తెరిచాను. 'సొంతం' అని ఉన్న వరుసల్లో కౌలు గడులన్నీ నిండి ఉన్నాయి. జరిగింది ఏమిటంటే, సొంత రైతు రెండో సెక్షన్ పూర్తిచేసి నెక్స్ట్ నొక్కగానే ఫామ్ అతన్ని మూడో సెక్షన్‌లోకి తోసింది. అక్కడ "ఎకరాకు ఎన్ని బస్తాల కౌలు ఇస్తున్నారు?" అని ఉంది. అది రిక్వయిర్డ్, అంటే నింపకపోతే ముందుకి వెళ్లనివ్వదు, పైగా అంకె తప్ప వేరేది ఒప్పుకోదు. ఆ రెండూ పెట్టింది నేనే. ఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి రైతుల జవాబులు నింపిన సర్వే పిల్లలు ఏం చేస్తారు? కొందరు సున్నా కొట్టారు. కొందరు "ఎన్ని బస్తాలు" అన్నది చూసి దిగుబడి రాసేశారు. ఫామ్ ఇలాగే చేశారు కాబోలు అనుకున్నారు తప్ప, తప్పు అనుకోలేదు.

కారణం ఒక్క లైన్. ప్రతి సెక్షన్ అడుగున, తర్వాతి సెక్షన్‌కి పైన, చిన్న అక్షరాలతో 'ఆఫ్టర్ సెక్షన్ 2' అని ఉండి, పక్కన 'కంటిన్యూ టు నెక్స్ట్ సెక్షన్' అని ఉంటుంది. మీరు మార్చేదాకా అది అలాగే ఉంటుంది. మీరు ఆప్షన్ పక్కన పెట్టిన లాజిక్ మనిషిని ఏ గదిలోకి పంపాలో చెబుతుంది. ఆ గదిలోంచి ఎటు బయటికి రావాలో చెప్పేది ఈ లైన్. మనం మనసులో "సొంత రైతు రెండుకెళ్తాడు, అక్కణ్ణించి అందరితో కలుస్తాడు" అనుకుంటాం. ఫామ్‌కి ఆ సంగతి తెలియదు. రెండు తర్వాత మూడు, దానికి తెలిసిన లెక్క అదే.

ఈ లైన్ కంటికి ఆనకపోవడానికీ కారణం ఉంది. రెండు సెక్షన్ల మధ్య సందులో ఉంటుంది కాబట్టి అది కింది సెక్షన్‌కి సంబంధించిందేమో అనిపిస్తుంది. కాదు. అందులో ఏ నంబరు రాసి ఉందో ఆ సెక్షన్‌దే.

సరిచేయడం: రెండో సెక్షన్ అడుగున ఆ లైన్ నొక్కి 'గో టు సెక్షన్ 4' ఎంచుకోండి. మూడోదాని అడుగున ఏమీ మార్చక్కర్లేదు, దాని తర్వాత వచ్చేది ఎలాగూ నాలుగే. నేను మోసపోయింది సరిగ్గా ఇక్కడే. చివరి శాఖ, అంటే విడిపోయిన దారుల్లో ఆఖరి సెక్షన్, ఎప్పుడూ దానంతటదే సరిగ్గా ఉంటుంది. చివరిదాకా వెళ్లి చూసింది దాన్నే, మొదటిదాన్ని సగంలో వదిలేశాను. అందుకే ప్రతి దారినీ సబ్మిట్ దాకా నడిచి చూడమని మొత్తుకునేది. ప్రివ్యూలో సబ్మిట్ కొడితే అది నిజం జవాబుగానే నమోదవుతుంది, తర్వాత తీసేయడం మర్చిపోకండి.

అదే ఫామ్‌లో ఇంకోసారి కాలింది. నెల తర్వాత "కూలీలను కూడా అడగాలి" అన్నారు. మూడుకీ నాలుగుకీ మధ్య కూలీల సెక్షన్ చేర్చాను. అంతకుముందు చివరి శాఖ కౌలుది, దానికి ఏ అమరికా అవసరం లేకపోయింది. ఇప్పుడు అది మధ్యలోది అయిపోయింది. కౌలు రైతులు కూలీల ప్రశ్నల్లో పడ్డారు. ఈసారి మూడో జవాబుకే పట్టుకున్నాను కాబట్టి పరువు దక్కింది. సెక్షన్ చేర్చినా, జరిపినా, తీసేసినా, పై నుంచి కిందిదాకా 'ఆఫ్టర్ సెక్షన్' లైన్లన్నీ మళ్లీ చదవండి. ఒక్కటి కూడా వదలొద్దు.

ఇంకొక మెలిక. సెక్షన్ లోపల ఏదైనా ప్రశ్నకి సొంతంగా దారి పెట్టి ఉంటే, అడుగున మీరు పెట్టినది ఆ జవాబిచ్చినవాళ్లకి చెల్లదు. జవాబు పక్కన ఉన్నదే నెగ్గుతుంది. మా కౌలు సెక్షన్ చివర "ఈ ఏడాది సీసీఆర్‌సీ కార్డు తీసుకున్నారా?" అని ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకిచ్చే ఆ కార్డు 11 నెలలకే చెల్లుతుంది, అందుకే 'ఈ ఏడాది' అని అడగాలి. దానికి 'అవును', 'లేదు' పక్కన దారులు పెట్టి, ఒకటి సరిగ్గా మార్చి, రెండోది 'కంటిన్యూ' దగ్గరే వదిలేశాను. సెక్షన్ అడుగున ఎంత సరిగ్గా పెట్టినా 'లేదు' అన్నవాళ్లు తప్పు చోటికే వెళ్లారు. ఒక ప్రశ్నకి దారి పెట్టారంటే దాని ఆప్షన్లన్నిటికీ పెట్టినట్టే, ఖాళీగా వదిలిందేదీ ఉండదు.

ఒకరు రెండు రకాలకీ చెందుతారు, చెక్‌బాక్స్ పెడితే లాజిక్ లేదు

పల్లెల్లో ఇది మామూలే. అరెకరం సొంతం, రెండెకరాలు కౌలు. 'రెండూ' అనే ఆప్షన్ చేర్చి రెండో సెక్షన్‌కి పంపుదామనుకుంటారు. పంపొచ్చు, కానీ అక్కడి నుంచి బయటికి దారి ఒక్కటే. 'సొంతం' అన్నవాళ్లు నాలుగుకి వెళ్లాలి, 'రెండూ' అన్నవాళ్లు మూడుకి వెళ్లాలి. రెండో సెక్షన్ చివరికొచ్చేసరికి, మొదటి సెక్షన్‌లో ఏం చెప్పారో ఫామ్‌కి పట్టదు. గూగుల్ ఫామ్స్‌లో దారి మళ్లేది ఆ సెక్షన్‌లో ఇచ్చిన జవాబును బట్టే.

కాబట్టి "పొలం ఎవరిది?" అనే ప్రశ్ననే తీసేయండి. "సొంత పొలం ఉందా?" అని అడగండి. ఉంటే సొంత పొలం సెక్షన్, లేకపోతే దాన్ని దాటి తర్వాతిదానికి. ఆ తర్వాతి సెక్షన్‌లో ఒకే ఒక్క ప్రశ్న: "కౌలుకి చేస్తున్నారా?" చేస్తుంటే కౌలు సెక్షన్, లేకపోతే దాటేయాలి. తర్వాత "కూలికి వెళ్తారా?" అదే పద్ధతి. ఇలా చేస్తే ప్రతి సెక్షన్ అడుగునా 'కంటిన్యూ' ఉండటమే సరైనది అవుతుంది. ఆ దొంగ లైన్‌తో పనే ఉండదు. ప్రశ్నలు రెండు పెరుగుతాయి, కానీ అవును-కాదు ప్రశ్నకి ఎంతసేపు పడుతుంది? నేను ఇప్పుడు ఒకరు రెండు రకాలకీ చెందే అవకాశం ఉందా లేదా అని కూడా ఆలోచించడం మానేశాను, అన్నీ ఇలాగే చేస్తున్నాను.

ఒక ప్రశ్న దారిని పట్టించుకోవడం లేదు

ఒకే సెక్షన్‌లో దారి మళ్లించే ప్రశ్నలు రెండున్నాయి. జవాబిచ్చినవాటిలో చివరిదే చెల్లుతుంది, పైది పెట్టనట్టే. సెక్షన్‌కి ఒకటే పెట్టుకోండి, దాన్ని చివర్లో పెట్టుకోండి.

కొందరు మాత్రం ఏదో దారిన వెళ్లిపోతున్నారు

దారి మళ్లించే ప్రశ్న రిక్వయిర్డ్ కాదు. ఖాళీగా వదిలేసినవాళ్లు సెక్షన్ అడుగున ఉన్న దారి పడతారు. రిక్వయిర్డ్ చేయండి. దీనికి తిరగేసిన భయం ఒకటుంది: "శాఖల్లో ప్రశ్నలు రిక్వయిర్డ్ పెడితే, ఆ సెక్షన్ చూడనివాళ్లకి సబ్మిట్ అవదేమో" అని అన్నిటికీ తీసేస్తుంటారు. వెళ్లని సెక్షన్‌లోని రిక్వయిర్డ్ ఎవరినీ ఆపదు. టెన్షన్ పడకుండా పెట్టుకోండి.

మిగతావి

ఫామ్ మధ్యలో ముగిసిపోతోందంటే ఏదో ఆప్షన్ పక్కనో, సెక్షన్ అడుగునో 'సబ్మిట్ ఫామ్' ఉంది. "సర్వేకి ఒప్పుకుంటున్నారా?" దగ్గర 'లేదు'కి తప్ప ఇంకెక్కడా అది అక్కర్లేదు. తిరిగి మొదటికే వస్తోందంటే ఎక్కడో వెనకటి సెక్షన్ నంబరు ఎంచుకున్నారు. ప్రోగ్రెస్ బార్ ఒక్కసారిగా గెంతుతోందంటే అది తప్పు కాదు, సెక్షన్లు దాటినప్పుడు అలాగే గెంతుతుంది. సరిచేసినా పాతదే కనబడుతోందంటే పాత ట్యాబ్ తెరిచి ఉంది, రిఫ్రెష్ చేయండి. బ్రౌజర్ మార్చి చూడమని, కొత్త జీమెయిల్‌తో చేయమని సలహాలిస్తుంటారు. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా అది కారణం కాలేదు.

ఒకే పేజీలో ప్రశ్నలు కనబడుతూ మాయమవుతూ ఉండాలన్నా, మూడు పేజీల వెనకటి జవాబు గుర్తుండాలన్నా గూగుల్ ఫామ్స్‌తో కుస్తీ పట్టకండి. కోబో టూల్‌బాక్స్, ఓడీకే లాంటి సర్వే సాధనాలు ప్రశ్న ప్రశ్నకీ షరతు పెట్టనిస్తాయి. నేర్చుకోవడానికి కొంచెం టైమ్ పడుతుంది.

ఇప్పటికే వచ్చిన జవాబులు ఏం చేయాలి

ముందు షీట్‌కి కాపీ తీసుకోండి. ఫామ్‌తో కలిసి ఉన్న షీట్‌లో చేయి పెట్టొద్దు. కాపీలో దారి మళ్లించిన ప్రశ్న నిలువు వరుసకి ఫిల్టర్ వేసి, 'సొంతం' అన్నవాళ్లను మాత్రమే ఉంచి, కౌలు గడులన్నీ ఖాళీ చేయండి. సున్నా పెట్టకండి, సగటును సున్నా లాగేస్తుంది, ఖాళీ గడి లాగదు.

ఇంతవరకే అయితే పది నిమిషాల పని. నాకు అలా తేలలేదు, ఎందుకంటే 'సొంతం' అన్నవాళ్లలో నిజంగానే కొంత కౌలుకి చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల అంకె నిజం కౌలో, ఆ పొలం దిగుబడో షీట్ చెప్పదు. ఫామ్‌లో ఫోన్ నంబరు అడిగాం కాబట్టి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. "మొన్న ఆ పిల్లకి చెప్పాను కదండీ, మళ్లీ ఏంటి?" అని అందరూ అడిగారు.