కింగ్ సాల్మన్‌కు బ్యాక్‌ట్రోలింగ్

అలాస్కాలోని కీనై నదిలో 1985లో పట్టిన కింగ్ సాల్మన్ బరువు 97 పౌండ్ల 4 ఔన్సులు, అంటే సుమారు 44 కిలోలు. అలాంటి చేపకు నాసిరకం సరంజామా ఆగదు. 8 నుంచి 9 అడుగుల గట్టి రాడ్, 65 పౌండ్ల అల్లిక లైను, చివర 4, 5 అడుగుల మందపాటి లీడర్ (లైనుకు, గాలానికి మధ్య కట్టే దారం ముక్క) కావాలి.

బ్యాక్‌ట్రోలింగ్ అంటే పడవను ప్రవాహంతో మెల్లగా వెనక్కి జారనిస్తూ చేప పట్టడం. పడవ ముక్కు ఎగువకు తిప్పి, ఇంజను వేగం ప్రవాహం కన్నా కాస్త తక్కువ ఉంచండి. పడవ మెల్లగా వెనక్కి జారుతుంటే ప్లగ్ (గాలాలున్న చేప ఆకారపు కృత్రిమ ఎర) దిగువన నీటిలోకి మునిగి, అడుగుకు దగ్గరగా ఊగుతూ చేప ముఖం మీదికి వెళ్తుంది. ఇంజను తగ్గించి వేగంగా జారితే ప్లగ్ ఊగడం మానేస్తుంది. అప్పుడు కింగ్ కన్నెత్తి చూడదు.

లైను వదిలే ముందు ప్లగ్‌ను పడవ పక్కనే నీటిలో లాగి చూడాలి. ఎడమకు పోతుంటే, లైను కట్టే ముందరి కొక్కెం కన్నును రవ్వంత కుడికి తిప్పండి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. ఎర వాడే అనుమతి ఉన్నచోట ప్లగ్ పొట్టకు సార్డీన్ చేప ముక్క దారంతో చుడతారు.

రాడ్ కొన టకటకమన్నా ముట్టుకోవద్దు. అది పూర్తిగా వంగి, వంగే ఉన్నాకే స్టాండులోంచి తీయండి. తొందరపడి లాగితే గాలం నోట్లోంచి ఊడొస్తుంది. వదిలేసే చేపను నీటిలోంచి ఎత్తకండి.

అలాస్కాలో కింగ్‌కు లైసెన్సుతో పాటు ప్రత్యేక స్టాంపు అవసరం. చేపలు తక్కువగా వచ్చిన ఏడాది సీజన్ మధ్యలోనే మూసేస్తారు, బయల్దేరే ముందు రాష్ట్ర చేపల శాఖ అత్యవసర ఉత్తర్వులు చూడండి.