విదేశాల్లో ఉంటూ మానవ అస్థి శాస్త్రం, అనాటమీలలో స్నాతకోత్తర విద్య ప్రారంభించడం ఎలా?

మానవ అస్థులను స్నాతకోత్తర స్థాయిలో చదవాలనుకునేవారు విశ్వవిద్యాలయాల జాబితా తెరవడానికి ముందే, ఎముక నుంచి తాము ఏమి తెలుసుకోగోరుతున్నారో తేల్చుకోవాలి. ఒకే తొడ ఎముకను మూడు శాఖలవారు మూడు రకాలుగా చదువుతారు. సాధారణంగా వైద్య కళాశాలకు అనుబంధంగా ఉండే అనాటమీ విభాగంలో దానిని కండరాలతో, రక్తనాళాలతో, నాడులతో కలిపి, శవచ్ఛేదన ద్వారా నేర్పుతారు. వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పే ఉద్యోగం మీ లక్ష్యమైతే ఇదే సరైన దారి. ఆస్టియోఆర్కియాలజీలో తవ్వకాల్లో బయటపడిన అస్థిపంజరాలను పరిశీలించి, పూర్వికుల వయసు, ఆహారం, వ్యాధులు, గాయాలు ఎలాంటివో రాబడతారు. ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీలో గుర్తుతెలియని అవశేషాలు ఎవరివో నిర్ధారించడానికి తోడ్పడే పద్ధతులను నేర్పుతారు. మొదటి శాఖకు జీవశాస్త్ర, వైద్య నేపథ్యం అవసరమవుతుంది; తక్కిన రెండింటిలోకి చరిత్ర, పురావస్తు, మానవశాస్త్ర పట్టభద్రులు కూడా వస్తుంటారు.

బ్రిటన్‌లోని ఎడిన్‌బరో, నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయాలు ఆస్టియోఆర్కియాలజీకి పేరుపొందాయి. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం అనాటమీని, మృతుల గుర్తింపు శాస్త్రాన్ని ఒకే కేంద్రంలో బోధిస్తుంది. అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయంలో విలియం బాస్ 1980ల ఆరంభంలో నెలకొల్పిన పరిశోధన క్షేత్రంలో, దేహదానంగా వచ్చిన శరీరాలు ఆరుబయట ఎలా శిథిలమవుతాయో అధ్యయనం చేస్తారు. ఆ తరువాత మిగిలిన ఎముకలు అక్కడి అస్థి సేకరణలో, అంటే అధ్యయనం కోసం భద్రపరచిన ఎముకల భాండాగారంలో, చేరుతాయి.

నా అభిప్రాయంలో విశ్వవిద్యాలయపు ర్యాంకు కన్నా అక్కడ ఇలాంటి అస్థి సేకరణ ఉండడమే ముఖ్యం. వయసు, లింగం ముందే నమోదై ఉన్న అస్థిపంజరాలు అందుబాటులో ఉంటేనే మీరు వేసిన అంచనా సరైనదో కాదో సరిచూసుకోగలుగుతారు. లేకపోతే ఎంత చదివినా అది ఊహగానే మిగిలిపోతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ సహజ చరిత్ర మ్యూజియంలోని హామన్-టాడ్ సేకరణలో ఇలాంటి అస్థిపంజరాలు మూడు వేలకు పైగా ఉన్నాయి. పోర్చుగల్‌లోని కొయింబ్రా, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా సేకరణలు కూడా ఈ కోవకు చెందినవే. అందువల్ల విభాగానికి రాసే మొదటి లేఖలోనే కొన్ని విషయాలు సూటిగా అడగండి: వారానికి ఎన్ని గంటలు ప్రయోగశాలలో గడపవచ్చు, తరగతి వేళలు దాటాక అనుమతి ఉంటుందా, ఇచ్చేవి అసలు ఎముకలా లేక ప్లాస్టిక్ నమూనాలా, శవచ్ఛేదన విద్యార్థులే స్వయంగా చేస్తారా లేక ముందే కోసి సిద్ధం చేసిన భాగాలను మాత్రమే చూపుతారా? వీటికి స్పష్టమైన జవాబు రాని చోట డబ్బు పెట్టడానికి తొందరపడవద్దు.

ప్రవేశానికి ముందున్న నెలలను చేతులకు, కళ్లకు శిక్షణ ఇవ్వడానికి వాడుకోవాలి. వయోజనుల శరీరంలోని 206 ఎముకల్లో 106 చేతులు, పాదాల్లోనే ఉన్నాయి. పుర్రె, కటి భాగం ఆకర్షణీయంగా కనిపిస్తాయి కాబట్టి చాలామంది వాటితో మొదలుపెట్టి, మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలను, వెన్నుపూసలను చివరికి వదిలేస్తారు. తీరా ప్రయోగ పరీక్షలో అవే ఎదురవుతాయి. మంచి నాణ్యత గల నమూనా అస్థిపంజరం ఒకటి సంపాదించి, ప్రతి ఎముకను అన్ని వైపుల నుంచి బొమ్మ గీయండి. ఆపైన కళ్లు మూసుకుని, కేవలం స్పర్శతో అది ఏ ఎముకో, కుడివైపుదో ఎడమవైపుదో చెప్పడం అభ్యసించండి. తవ్వకాల్లో దొరికేవి ఎక్కువగా విరిగిన ముక్కలే కనుక, ఒక గాడిని బట్టో రంధ్రాన్ని బట్టో మొత్తం ఎముకను పోల్చుకోగలగడమే ఈ విద్యకు పునాది.

ఆ తరువాత వయసు, లింగ నిర్ధారణ పద్ధతుల వైపు వెళ్లవచ్చు. కాలర్ బోన్‌గా మనం పిలిచే జత్రుక, రొమ్ము ఎముకను తాకే కొన దగ్గర అన్నిటికన్నా ఆలస్యంగా, సుమారు ఇరవైల చివరి ఏళ్లలో పూర్తిగా అతుక్కుంటుంది; యువకుల వయసు అంచనాకు ఈ ఒక్క గుర్తు ఎంతో ఉపకరిస్తుంది. కటి ముందు భాగంలోని జఘన ఎముకలో కనిపించే మూడు లక్షణాల ఆధారంగా లింగాన్ని నిర్ధారించే పద్ధతిని 1969లో ఫెనిస్ అనే పరిశోధకుడు ప్రతిపాదించారు. అది పెద్దల అస్థిపంజరాలకే వర్తిస్తుంది. యుక్తవయసు రాని పిల్లల ఎముకలను చూసి లింగం చెప్పడం నేటికీ చాలా కష్టం.

అభ్యాసం కోసం అసలు మానవ అస్థులను ఆన్‌లైన్‌లో కొనవద్దని గట్టిగా చెప్పదలచుకున్నాను. పాశ్చాత్య తరగతి గదుల్లో పాత అస్థిపంజరాలుగా కనిపించే వాటిలో అనేకం భారతదేశం నుంచి ఎగుమతి అయినవే. 1985లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించే వరకు సాగిన ఆ వ్యాపారంలో, చనిపోయినవారి సమ్మతిని అడిగిన దాఖలాలు అరుదు. మీ బల్ల మీదికి వచ్చిన ఎముక ఎవరిది, ఎలా వచ్చింది అని అడిగే హక్కు, బాధ్యత విద్యార్థిగా మీకున్నాయి. మీరున్న దేశపు చట్టాలను కూడా చదవండి. ఇంగ్లండ్‌లో 2004 నాటి మానవ కణజాల చట్టం, అమెరికాలో ఆదివాసీ సమాధుల రక్షణకై 1990లో వచ్చిన చట్టం ప్రధానమైనవి. ఈ రెండవ దాని సవరించిన నిబంధనలు 2024 జనవరిలో అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఆదివాసీల అవశేషాలపై పరిశోధనకు వారి తెగల ముందస్తు సమ్మతి తప్పనిసరి కనుక, పరిశోధనాంశాన్ని ఎంచుకునేటప్పుడే దీనిని లెక్కలోకి తీసుకోవాలి.

ఇక వీసా, ఫీజుల సంగతి. అమెరికాలో హెచ్-4 (డిపెండెంట్) వీసాపై ఉన్నవారు చదువుకోవచ్చు గానీ, పని అనుమతి పత్రం లేకుండా జీతం వచ్చే టీచింగ్ అసిస్టెంట్‌షిప్ స్వీకరించలేరు. అనాటమీ ల్యాబ్‌లో బోధనే చాలామందికి ఆర్థిక ఆధారం కాబట్టి, ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలా వద్దా అన్నది దరఖాస్తుకు ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంతో చర్చించండి. ఇంగ్లండ్‌లో స్థిర నివాస హక్కు ఉండి, కోర్సు మొదలయ్యే ముందు మూడేళ్లు అక్కడ నివసించినవారికే సాధారణంగా స్థానిక ఫీజు వర్తిస్తుంది. డిపెండెంట్ వీసా మాత్రమే ఉన్నవారు అంతర్జాతీయ ఫీజు కట్టడానికి సిద్ధపడాలి. స్వదేశంలో పొందిన డిగ్రీ అక్కడి డిగ్రీకి సమానమని తెలిపే పత్రం అడుగుతారేమో కూడా ముందే కనుక్కోండి.

చదువుకు విరామం వచ్చినవారికి సిఫారసు లేఖలు పెద్ద అడ్డంకిగా తోస్తాయి. దగ్గరలోని మ్యూజియంలో స్వచ్ఛందంగా పనిచేయడం, వేసవి తవ్వకాల శిబిరంలో చేరడం, సమీప కళాశాలలో ఒక్క అనాటమీ కోర్సయినా పూర్తిచేయడం వంటివి, మీ పనిని స్వయంగా చూసిన కొత్త గురువులను సంపాదించి పెడతాయి. శవచ్ఛేదన ఉన్న కోర్సైతే గాలి ప్రసరణ ఏర్పాట్ల గురించి అడగండి. శవాలు పాడవకుండా వాడే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయినందున గర్భిణులు, ఆస్తమా ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. అమెరికాలో పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు చాలాచోట్ల డిసెంబరులోనే ముగుస్తుంది కనుక, ఆచార్యులకు లేఖలు రాయడం అంతకు ముందరి వేసవిలోనే మొదలుపెట్టాలి.