వెయిట్‌లిఫ్టింగ్ కోసం మెషీన్ లెర్నింగ్ టీమ్‌ను ఎలా నడిపించాలి?

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన రవికుమార్‌ది మా బరంపురమే. ఒడిశాలోని ఈ గంజాం జిల్లా ఊళ్లో ఇప్పటికీ తెలుగిళ్ల పిల్లలు బార్ (బరువులు తగిలించి ఎత్తే కడ్డీ) పట్టుకుంటున్నారు. వాళ్ల వీడియో చూసి తప్పు ఎక్కడుందో చెప్పే యాప్ కోసం నలుగురితో టీమ్ కట్టేవాళ్లకి నా అనుభవం చెప్తాను.

ముందు కోడ్ జోలికి వెళ్లకండి. వారం రోజులు సాయంత్రాలు టీమ్ మొత్తాన్నీ వ్యాయామశాలకు తీసుకెళ్లి, కోచ్ అనే మాటలు రాయించండి. "చేతులతో ముందే లాగేశావురా", "బార్ ఒంటికి దూరంగా పోయింది". ఇవే మీ లేబుళ్లు, అంటే ఒక్కో వీడియోకి తగిలించే తప్పుల పేర్లు. ఒకే తప్పును ఒక కోచ్ తెలుగులో చెప్తే ఇంకొకరు ఒడియాలో చెప్తారు. రెండూ ఒకటేనా అన్నది వాళ్లే తేల్చాలి. ఇంజినీరు ఊహించి రాస్తే మోడల్ (ఈ వీడియోల నుంచి తప్పులు పట్టడం నేర్చుకునే ప్రోగ్రాం) ఆ ఊహనే నేర్చుకుంటుంది.

వీడియో ఎలా తీయాలో మీరే ఖరారు చేయండి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకి దాదాపు 33 మిల్లీసెకన్ల ఎడం. బార్‌ను ఒక్క ఊపులో నేల నుంచి తల పైకి ఎత్తే స్నాచ్‌లో అది సెకనుకు 2 మీటర్ల వేగం అందుకుంటే, ఆ కాస్త సమయంలోనే 6 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. అందుకే 120 ఫ్రేములు పెట్టించండి. ఫోన్ స్టాండు మీద, లిఫ్టర్‌కి సరిగ్గా పక్కన ఉండాలి. కొలతకి టేపు అక్కర్లేదు. పోటీల్లో బార్‌కి తగిలించే పెద్ద ప్లేటు (బరువు చక్రం) వ్యాసం 450 మిల్లీమీటర్లు కాబట్టి, వీడియోలో అది ఎన్ని పిక్సెళ్లుందో చూస్తే బార్ ఎంత కదిలిందో లెక్క వచ్చేస్తుంది. కొత్త పిల్లలు చిన్న ప్లేట్లు వేస్తారు, అప్పుడు ఈ లెక్క తప్పుతుంది. ఏ ప్లేటో ప్రతి వీడియోకీ రాయించాల్సిందే.

లేబులింగ్‌కి ఆటలో ఉన్న పద్ధతే మంచిది. పోటీలో ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్ల లైటు వేస్తే లిఫ్ట్ చెల్లుతుంది. మీరూ ముగ్గురు కోచ్‌లకు విడివిడిగా చూపించి, ఇద్దరు ఒప్పుకున్నదే తీసుకోండి. ముగ్గురూ మూడు మాటలంటే ఆ లేబుల్ నిర్వచనమే సరిగ్గా లేదని అర్థం.

నేను బాగా దెబ్బతిన్నది డేటా విడదీయడంలో. క్లిప్పులన్నీ కలిపేసి మోడల్ శిక్షణకి కొన్ని, దాని పరీక్షకి కొన్ని తీశాం. ఒకే కుర్రాడి లిఫ్ట్‌లు రెండు వైపులా పడ్డాయి. ఫలితాలు చూసి సంబరపడ్డాం. వేరే వ్యాయామశాలకి వెళ్లేసరికి మోడల్ చేతులెత్తేసింది. తప్పుల బదులు అది మనుషుల్నీ వెనక గోడనీ గుర్తుపెట్టుకుంది. కాబట్టి లిఫ్టర్ల వారీగా విడదీయండి, ఒక వ్యాయామశాల డేటాను పరీక్షకే పూర్తిగా పక్కన పెట్టండి. మొత్తం మీద ఎంత శాతం కరెక్టు అని కూడా అడగొద్దు. ఎక్కువ లిఫ్ట్‌లు బాగుంటే, అన్నీ బాగున్నాయని చెప్పే మోడల్‌కీ మంచి మార్కులే వస్తాయి. ఒక్కో రకం తప్పులో మోడల్ పట్టుకోలేకపోయినవి ఎన్నో లెక్కపెట్టించండి.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరని 2023 డేటా రక్షణ చట్టం చెప్తోంది. ఇక్కడ చాలా ఇళ్లలో మాట తెలుగు, చదువు ఒడియా. ఫారం ఒడియాలో ఇచ్చి, ఇంటికెళ్లి తెలుగులో వివరించండి.

వారం మీటింగు వ్యాయామశాలలోనే, కోచ్‌తో కలిసి పెట్టుకోండి. మోడల్ తప్పు చెప్పిన పది వీడియోలు అందరూ చూడాలి. యాప్ చేతికిచ్చాక ఒకసారికి ఒక్క తప్పే చూపించండి, అదీ ముందు కోచ్ ఫోన్‌లో. పిల్లాడు చేతులకి చాక్ రాసుకుని మళ్లీ బార్ దగ్గరికొచ్చేలోపు అది అందాలి.