ఇంట్లో కుక్క, పిల్లి ఆరోగ్యం - 3వ పాఠం: పిడుదులు వెతకడం, తీయడం

పోయిన పాఠంలో చిగుళ్ల రంగు చూడటం, మలద్వారంలో థర్మామీటర్ పెట్టి జ్వరం కొలవడం నేర్చుకున్నాం. ఆ రెండూ ఈ పాఠంలో మళ్లీ కావాలి.

హైదరాబాద్‌లో పిడుదులు (ఊళ్లల్లో గోమార్లంటారు) వానలు మొదలయ్యాక ఎక్కువవుతాయి గానీ, మన చలికి అవి చచ్చిపోవు. ఇక్కడి కుక్కలకు ఎక్కువగా పట్టేది గోధుమరంగు కుక్క పిడుదు. ఇది పిల్లగా ఒకసారి, కాస్త ఎదిగాక ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి కుక్కనెక్కి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ దిగిపోయి గోడ పగుళ్లలోనో, తలుపు చట్రం వెనకో, మంచం సందుల్లోనో దాక్కుంటుంది. ఆడది వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది, అవీ కుక్క మీద కాదు, ఆ పగుళ్లలోనే. కుక్క మీద నాలుగు కనిపించాయంటే ఇంట్లో అంతకు ఎన్నో రెట్లు ఉన్నట్టే లెక్క.

వెతకడం. వాకింగ్ నుంచి రాగానే రోజూ ఐదు నిమిషాలు చాలు. వారానికోసారి చూస్తే లాభం లేదు, ఎందుకంటే కొన్ని జబ్బులు పిడుదు కరిచిన కొన్ని గంటల్లోనే రక్తంలోకి వెళ్లిపోతాయి. చెవి లోపలి మడతలతో మొదలుపెట్టండి. తర్వాత మెడపట్టీ కింద, చంకల్లో, గజ్జల్లో, తోక కింద చూడండి. చివరికి కాలివేళ్ల మధ్య. చాలామంది వదిలేసేది ఇక్కడే. ఒక్కో వేలూ విడదీసి టార్చి వేసి చూడండి. మిగతా ఒంటిమీద వెంట్రుకలకు ఎదురుగా వేళ్లు పోనిస్తే పెసరగింజలా తగులుతుంది.

తగిలిందల్లా పిడుదు కాదు. మగకుక్కకూ చనుమొనలుంటాయి. వాటిని పిడుదులనుకుని పీకి పుండు చేసినవాళ్లున్నారు. చనుమొనలు పొట్ట మీద రెండు వరుసల్లో ఉంటాయి, వాటికి కాళ్లుండవు. అనుమానమొస్తే భూతద్దం పట్టండి. పెద్ద పిడుదుకు ఎనిమిది కాళ్లు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఆరు.

తీయడం. మొన సన్నగా ఉన్న ట్వీజర్స్, గ్లౌజులు, చిన్న సీసాలో స్పిరిట్, బెటాడిన్ తడిపిన దూది సిద్ధం చేసుకోండి. వెంట్రుకలు పాయ తీసి, పిడుదు నోరు చర్మంలో దిగినచోట, చర్మానికి ఆనించి పట్టుకోండి. ఉబ్బిన పొట్ట దగ్గర పట్టుకోవద్దు. నొక్కితే లోపలున్నది కుక్క ఒంట్లోకే పోతుంది. కుదపకుండా, మెలిపెట్టకుండా ఒకే బలంతో నెమ్మదిగా పైకి లాగండి. చర్మం కాస్త లేచి, తర్వాత పట్టు వదులుతుంది. పిడుదును స్పిరిట్‌లో వేసి, కరిచినచోట బెటాడిన్ అద్దండి. నోటి ముక్క లోపల మిగిలితే తవ్వకండి, కొన్నాళ్లకు అదే బయటికొస్తుంది. ఎర్రబడి చీము పడితే డాక్టరుకు చూపించండి.

కిరోసిన్ పూయడం, అగరుబత్తితో కాల్చడం, గోటితో చిదమడం మానేయండి. కిరోసిన్‌తో చర్మం పొక్కుతుంది, కుక్క నాకితే కడుపులోకీ పోతుంది.

పిడుదు తీసిన తేదీ కేలండర్ మీద రాసి, మూడు వారాలు కనిపెట్టుకుని ఉండండి. జ్వరం 103 ఫారెన్‌హీట్ దాటినా, తిండి మానేసినా, ముక్కులోంచి రక్తం కారినా, చిగుళ్ల మీదో పొట్ట మీదో సూదిమొనంత ఎర్రచుక్కలు కనిపించినా పిడుదు మోసుకొచ్చే ఎర్లీకియా అనే జబ్బు అయి ఉండొచ్చు. చిగుళ్లు పాలిపోయి, మూత్రం కాఫీ రంగులో వస్తే బబీసియాను అనుమానించాలి. అది మలేరియా క్రిమిలాగే ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. (సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసింది 1897లో. పశువుల్లో ఈ బబీసియా జ్వరాన్ని పిడుదే మోస్తుందని అంతకు నాలుగేళ్ల ముందే రుజువైంది.) రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకో, మీ దగ్గర్లోని డాక్టరు దగ్గరికో అదే రోజు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. ప్లేట్‌లెట్లు తగ్గాయని బొప్పాయి ఆకు రసం పోస్తూ కూర్చోవద్దు. ఎర్లీకియాకు డాక్టరు రాసే డాక్సీసైక్లిన్ కోర్సు సాధారణంగా 28 రోజులు. నాలుగో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, అప్పుడు ఆపేస్తే జబ్బు లోపలే ఉండిపోతుంది.

మందు, ఇల్లు. మెడ వెనక వేసే ఫిప్రోనిల్ చుక్కలు వెంట్రుకల మీద కాదు, పాయ తీసి చర్మం మీద పడాలి. చర్మంలోని నూనెతోనే మందు ఒళ్లంతా పాకుతుంది కాబట్టి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. నమిలే మాత్రలు రాయించుకునేటప్పుడు కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే చెప్పి తీరాలి. పక్కబట్టలు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. గోడ పగుళ్లను వైట్ సిమెంటుతో పూడ్చండి. సెల్లార్ పార్కింగ్‌లో పడుకునే కుక్కలున్న అపార్టుమెంట్లలో వాటికీ మందు వేయిస్తేనే ఫలితం. మూడు నెలలైనా ఆపకుండా చేయాలి, పగుళ్లలోని గుడ్లు పొదిగి పెద్దవి కావడానికి దాదాపు అంత కాలం పడుతుంది.

ఇంట్లో పిల్లి ఉంటే కుక్క మందు ఒక్క చుక్క కూడా దానిమీద వేయకండి. కొన్ని కుక్క మందుల్లో ఉండే పెర్మెత్రిన్‌ను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు. అమిట్రాజ్ అనే పిడుదుల మందు కూడా పిల్లికి పడదు. కుక్కకు వేసిన మందు ఆరేదాకా రెండింటినీ వేరే గదుల్లో ఉంచండి. పొరపాటున పడితే గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, గోరువెచ్చటి నీటితో కడిగి, తువ్వాల్లో చుట్టి, మందు డబ్బా కూడా తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

వచ్చే పాఠానికి ముందు ఏడు రోజుల లెక్క రాయండి: ఏ తేదీన, ఒంట్లో ఏ చోట, ఎన్ని. 4వ పాఠం నులిపురుగుల మందు, బరువును బట్టి కొలత.