ఎస్‌ఈఎమ్ స్కేల్ బార్‌ను సరిచూసుకొనే పద్ధతి

కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్‌ఎల్, బాలాపూర్‌లోని నవీన పదార్థాల పరిశోధనా కేంద్రం ఏఆర్‌సీఐ, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి సంస్థల పుణ్యమా అని మన నగరంలో పదార్థాలపై పరిశోధన చేసేవారికి కొదవ లేదు. వారిలో స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ (ఎస్‌ఈఎమ్) ముందు కొత్తగా కూర్చునేవారికి నా మొదటి మాట ఇది: చిత్రం అడుగున అసలు పరిమాణాన్ని సూచిస్తూ కనిపించే గీతను, అంటే స్కేల్ బార్‌ను స్వయంగా కొలిచి చూసేదాకా నమ్మవద్దు.

ముందుగా నమూనా. వానాకాలంలో పొడులు తేమ పీల్చుకొని వాక్యూమ్ దిగడానికి ఆలస్యమవుతుంది కనుక, వాటిని రాత్రంతా తేమను లాగేసే డెసికేటర్ పాత్రలో ఉంచి, గ్లవ్స్ వేసుకొని, కార్బన్ టేప్‌తో నమూనాను నిలిపే చిన్న లోహపు దిమ్మకు, అంటే స్టబ్‌కు అంటించాలి.

అసలు పనికి ఏ వోల్టేజీ, ఏ వర్కింగ్ డిస్టెన్స్ (కటకం నుంచి నమూనాకు దూరం) వాడతారో (లోహాలకు సాధారణంగా 15 లేదా 20 కిలోవోల్టులు, 10 మి.మీ.) కాలిబ్రేషన్‌కూ (కొలతను సరిచూడడానికీ) వాటినే పెట్టుకోవాలి. ఫోకస్‌ను దానంతటదే అటూ ఇటూ కదిపే వాబ్లర్ నొక్కినప్పుడు బొమ్మ పక్కకు ఊగుతూ ఉంటే అపర్చర్ (ఎలక్ట్రాన్ పుంజం వెళ్లే చిన్న రంధ్రం) మధ్యలో లేదని అర్థం; బొమ్మ ఉన్నచోటనే ఉండి మసకబారుతూ తేటపడుతూ ఉండేదాకా అపర్చర్ మరలను నెమ్మదిగా తిప్పాలి.

ఆపై పుంజాన్ని గుండ్రంగా ఉండేలా సరిదిద్దే స్టిగ్మేటర్. ఇక్కడ తొందరపడితే తరువాతి శ్రమంతా వృథా. కార్బన్‌పై బంగారు రేణువులున్న నమూనాను చూస్తూ ఫోకస్‌ను అటూ ఇటూ తిప్పండి. రేణువులు ఒక వైపు తిప్పినప్పుడు నిలువుగా, మరో వైపు తిప్పినప్పుడు దానికి అడ్డంగా సాగితే ఆస్టిగ్మాటిజమ్ (పుంజం గుండ్రంగా లేకపోవడం) ఉన్నట్టే. సాగుడు రెండువైపులా లేని చోట ఫోకస్‌ను ఆపి, ఎక్స్, వై స్టిగ్మేటర్లను ఒకదాని తరువాత ఒకటి సవరించాలి.

ఇప్పుడు మిల్లీమీటరుకు 2160 గీతలున్న గ్రేటింగ్‌ను (సమాన దూరాల్లో గీతలున్న ఫలకాన్ని) టిల్ట్, అంటే వంపు, సున్నా వద్ద ఉంచండి. గీతల మధ్య దూరం 0.463 మైక్రాన్లు. ఒక్క సందును కాక, ఒక గీత ఎడమ అంచు నుంచి పదో సందు దాటాక వచ్చే గీత ఎడమ అంచు వరకు కొలిస్తే 4.63 మైక్రాన్లు రావాలి, 4.72 చూపితే దాదాపు 2 శాతం ఎక్కువ చూపుతున్నట్టు. అడ్డంగానూ నిలువుగానూ కొలవాలి, ఎందుకంటే రెండు దిశల స్కానింగ్ కాయిల్స్ వేరువేరు. విద్యార్థి దశలో నేను 10 మి.మీ. వర్కింగ్ డిస్టెన్స్ వద్ద కాలిబ్రేట్ చేసి 25 మి.మీ. వద్ద చిత్రాలు తీసినందువల్ల గ్రెయిన్ (లోహంలోని స్ఫటిక రేణువుల) సైజులన్నీ తిరిగి కొలవవలసి వచ్చింది.

ఎక్స్-కిరణాలతో నమూనాలోని మూలకాలను గుర్తించే ఈడీఎస్ వాడేవారు రాగి ఎక్స్-కిరణాల కే-ఆల్ఫా శిఖరం 8.04 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్దనే ఉందో లేదో కూడా చూసుకోవాలి. పని ముగిశాక బీమ్ ఆపి, నమూనా ఉన్న స్టేజీని పూర్తిగా కిందికి దించిన తరువాతే ఛాంబర్ తెరవండి. పోల్‌పీస్‌కు (నమూనాకు పైనుండే కటకం కొనకు) నమూనా తగిలితే నష్టం చాలా పెద్దది.